ఉప్పు బంధమా, పంచదార బంధమా?

వంటింట్లో రెండు డబ్బాలు. రెండింటిలోనూ తెల్లని పలుకులే, లోపలి బంధాలే వేరు.

ఉప్పు: సోడియం ఒక ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు ఇచ్చేస్తుంది. అయానిక బంధం.
పంచదార: కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఎలక్ట్రాన్లను ఉమ్మడిగా వాడుకుంటాయి. సమయోజనీయ బంధం.

ఖర్చు చూస్తే ఇచ్చేయడం మొదట నష్టబేరమే. వాయుస్థితిలోని సోడియం నుంచి ఎలక్ట్రాన్ లాగడానికి మోల్‌కు (అంటే ఒక నిర్ణీత సంఖ్యలో పరమాణువులకు) 496 కిలోజౌళ్లు కావాలి. క్లోరిన్ దాన్ని తీసుకుంటే తిరిగొచ్చేది 349. అయాన్లు (ఇలా ఎలక్ట్రాన్ ఇచ్చి, పుచ్చుకుని ఆవేశం పొందిన పరమాణువులు) స్ఫటికంగా పేరుకున్నప్పుడు వెలువడే సుమారు 787 కిలోజౌళ్లే ఆ అప్పు తీరుస్తాయి.

వేడికి: ఉప్పు 801 డిగ్రీల దాకా కరగదు. పంచదార 200 లోపే కరిగి మాడుతుంది.
నీటిలో: రెండూ కరుగుతాయి, ఉప్పునీరే కరెంటును బాగా పారనిస్తుంది.

లోహం, అలోహం కలిస్తే సాధారణంగా ఇచ్చిపుచ్చుకోవడం; రెండూ అలోహాలైతే పంచుకోవడం. ఋణవిద్యుదాత్మకతల (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) తేడా 1.7 దాటితే అయానికమంటారు కానీ, 1.78 తేడా ఉన్న హైడ్రోజన్ ఫ్లోరైడ్ పంచుకునే జట్టులోనే ఉంది.