మంచు అడవిలో మంట మీద వంట: పోత ఇనుప బాండీతో నాలుగు చలికాలాలు

మేముండేది ఫిన్లాండ్‌లో, ఎస్పోలో. పక్కనే ఉన్న నూక్సియో నేషనల్ పార్కుకి చలికాలంలో నెలకి రెండుసార్లయినా వెళ్తాం. అక్కడ మంట వేసుకోవడానికి ప్రత్యేకంగా చోట్లుంటాయి, కట్టెలు కూడా పెట్టి ఉంచుతారు. ఇక్కడివాళ్లు పుల్లకి సాసేజి గుచ్చి కాల్చుకుని, మసిపట్టిన కెటిల్లో కాఫీ మరిగించుకుని తాగి వెళ్లిపోతారు. మనకి అది చాలదు కదా, పోపు పడాలి. అందుకే ఈ బాండీ కొన్నాను. నాలుగు లీటర్లది, మూతతో కలిపి దాదాపు ఐదు కిలోలు.

నిజానికి ఇది రెండోది. మొదటిది నా చేతుల్లోనే పోయింది. గుడ్ల కూర తినేశాక, కడగడానికి నీళ్లెందుకు, చుట్టూ మంచేగా అని సెగలు కక్కుతున్న బాండీలో గుప్పెడు మంచు వేశాను. టప్‌మంది. అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకంత పగులు. పోత ఇనుము ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేదు. ఇప్పుడు నూలుగుడ్డతో తుడిచి, వేడి మీదే చుక్క నూనె రాసి పెట్టేస్తున్నాను.

మైనస్ పన్నెండులో స్టీలు గిన్నెలో చేసిన ఉప్మా వడ్డించేలోపే చల్లారిపోయేది. ఇందులో మారు వడ్డించుకునేటప్పుడు కూడా పొగలు వస్తుంటాయి. కాకపోతే మంట మీద పెడితే పని జరగదు. ఒక పక్క ఆవాలు మాడిపోతాయి, ఇంకో పక్క చిటపట కూడా అనవు. బర్చ్ కట్టెలు కాలి ఎర్రటి నిప్పులయ్యేదాకా ముప్పావు గంట ఆగాలి. ఆకలితో ఉన్న పిల్లల్ని ఆ ముప్పావు గంట ఆపడమే అసలు వంట.

మంచు కరిగించి నీళ్లు చేసుకుందామనుకుంటే ఇది దండగ. బాండీ నిండా కొత్త మంచు కూరినా దిగేది రెండు గ్లాసులు, అవీ నూనె తేలుతూ. నీళ్లు ఫ్లాస్కులో తెచ్చుకోవడమే నయం. నూనె కూడా జాకెట్ లోపలే పెట్టుకోండి, వేరుశెనగ నూనె ఈ చలికి గడ్డకడుతుంది.

పిడి ఒకసారి తడి చేత్తో పట్టుకున్నాను, వేళ్లు ఇనుముకి అతుక్కున్నాయి. వేడెక్కాక సింథటిక్ గ్లవ్‌తో పట్టుకుంటే గ్లవ్ కరిగింది. తోలు గ్లవ్స్ లేకుండా దీని జోలికి వెళ్లకండి. లోపల తడి ఉండగా మూతపెట్టి కార్లో వదిలేస్తే పొద్దున్నకి మూత బిగుసుకుపోతుంది. సుత్తి తీయకండి, మంటకి కాస్త ఎడంగా పెడితే అదే వదులుతుంది.

కారు దిగి కిలోమీటరు లోపు నడకైతే కొనొచ్చు, అది కూడా పిల్లల ప్లాస్టిక్ స్లెడ్ మీద లాక్కెళ్లగలిగితేనే. అంతకు మించి నడిచేవాళ్లు దీన్ని మర్చిపోండి. ఇంట్లో కూడా వాడుకోవచ్చని కొనేటప్పుడు మా ఆవిడకి చెప్పాను. అడుగున పట్టిన మసి చూశాక తను దాన్ని వంటింట్లోకి రానివ్వలేదు. నాలుగేళ్లుగా గోనెసంచిలో, బాల్కనీలోనే దాని కాపురం.