రొయ్యల చెరువుల పక్కన లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో నాలుగేళ్లు

భీమవరం దగ్గర మా ల్యాబ్ కిటికీ తీస్తే రొయ్యల చెరువులే. చీకటి పడ్డాక నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు వరసగా తిరగడం మొదలైతే మా వోల్టేజీ ఊగిపోతుంది. అలాంటి చోట నానోవోల్టులు కొలుద్దామని ఈ సెకండ్‌హ్యాండ్ లాక్-ఇన్ తెచ్చుకున్నాం, అంటే రొదలోంచి మనం చెప్పిన ఒక్క ఫ్రీక్వెన్సీ సిగ్నల్‌నే ఏరి కొలిచే మిషన్.

శాంపిల్ అంటే ఇనుప గార్నెట్ (అయస్కాంత గుణమున్న ఇన్సులేటర్) మీద 4 నానోమీటర్ల ప్లాటినమ్, 10 మైక్రాన్ల వెడల్పు హాల్ బార్, అంటే అడ్డంగా వోల్టేజీ కొలిచే కాళ్లున్న సన్నని పట్టీ. గార్నెట్‌లో కరెంటు పారదు, ప్లాటినమ్ నుంచి అందులోకి దిగేది స్పిన్ (ఎలక్ట్రాన్ల అయస్కాంత గుణం) మాత్రమే. ఆ తోపుడికి, అంటే టార్క్‌కి, గార్నెట్ మాగ్నెటైజేషన్ రవ్వంత ఊగితే అది హాల్ వోల్టేజీలో (కరెంటుకి అడ్డంగా వచ్చే వోల్టేజీ) మనం పంపే ఏసీ కరెంటుకి రెట్టింపు ఫ్రీక్వెన్సీ దగ్గర దొరుకుతుంది. థులియం గార్నెట్ మాగ్నెటైజేషన్‌ను ఇలా కరెంటుతోనే తిప్పేసిన ఫలితం 2017లో వచ్చింది. మాకూ ఆశ పుట్టింది అప్పుడే.

మొదట్లో కరెంటుకి 25 హెర్ట్జ్ పెట్టి వారం పోగొట్టుకున్నాను. దానికి రెట్టింపు 50, అంటే మన కరెంటు స్తంభం ఫ్రీక్వెన్సీ! ఇప్పుడు 133 దగ్గరే ఉంటాను. సెకండ్ హార్మోనిక్, అంటే ఆ రెట్టింపు ఫ్రీక్వెన్సీ సిగ్నల్, 90 డిగ్రీలు పక్కకి వస్తుంది కాబట్టి కరెంటుతో కలిసి ఊగేదాన్ని చూపే ఎక్స్ ఛానెల్లో వెతికితే ఏమీ కనిపించదు, వై చూడాలి.

మిషన్ తప్పేమీ లేదు గానీ అది చెప్పని సంగతి ఒకటుంది. ఆ సిగ్నల్లో చాలా భాగం టార్క్ కాదు, వేడి. ప్లాటినమ్ కాగితే స్పిన్ సీబెక్ వోల్టేజీ (వేడి తేడాకి పుట్టే స్పిన్ ప్రవాహం ఇచ్చేది) కూడా కరెంటు వర్గంతోనే పెరుగుతుంది, కరెంటు మార్చి రెండిటినీ విడదీయలేం. బయటి అయస్కాంత ఫీల్డ్ పెంచుతూ పోవాలి. టార్క్ వాటా తగ్గుతుంది, వేడి వాటా కదలదు. గార్నెట్‌పై అనామలస్ హాల్ సిగ్నల్ (మాగ్నెటైజేషన్ వల్ల వచ్చే హాల్ వోల్టేజీ) మరీ చిన్నది, అందుకే దాని ద్వారా కనిపించే డ్యాంపింగ్ టార్క్ (ఆ తోపుడులో ఒక రకం) ఆ వేడి కింద మునిగిపోతుంది. ఆర్స్‌టెడ్ ఫీల్డ్ (కరెంటు పారితే దాని చుట్టూ పుట్టే అయస్కాంత ఫీల్డ్) లెక్కలోంచి తీసేయడం కూడా మర్చిపోకూడదు, పీక్ 1 మిల్లీఆంపియర్‌కి సుమారు 0.063 మిల్లీటెస్లా. నేను పీక్ బదులు ఆర్‌ఎంఎస్ (ఒక రకం సగటు) కరెంటు వేసి ఆరు నెలలు తప్పు లెక్క రాసుకున్నాను, మా సార్ ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

ఫిర్యాదులున్నాయి. ఒకసారికి ఒక హార్మోనిక్కే చూస్తుంది, స్కాన్ రెండుసార్లు తిప్పాలి. లోపలున్నది వోల్టేజీ సోర్సు, శాంపిల్ వేడెక్కితే కరెంటు జారిపోతుంది. వానాకాలంలో కనెక్టర్లు పచ్చబడతాయి, సిలికా జెల్ పొట్లాలు మార్చడం మా జీతం లేని డ్యూటీ.

ఇప్పటికీ అడిగితే ఇవ్వను. కొత్తగా కొనేవాళ్లు మాత్రం వేరే కరెంట్ సోర్సుకి డబ్బులు ముందే పక్కన పెట్టుకోండి. కొలతలు పొద్దెక్కి, ఏరేటర్లు ఆగాక పెట్టుకోండి.