ఆయనతో కలిసి వాకింగా, ఎవరి నడక వాళ్లదా: ఆడవాళ్ల మోకాళ్లకు ఏది మేలు?

నెల్లూరులో ఫిజియోథెరపీ చేస్తుంటాను కాబట్టి యాభైకి అటూ ఇటూ ఉన్న ఆడవాళ్లు ఈ ప్రశ్న తరచూ అడుగుతుంటారు. "ఇద్దరం ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనే నడుస్తాం సార్, అవే రౌండ్లు. ఆయనకేం లేదు, నాకే మోకాళ్లు పీకుతున్నాయి, ఏంది ఇది?"

కలిసి నడిస్తే మంచిదే. చీకటితో లేచి వెళ్లడానికి తోడుంటుంది, బద్ధకం కుదరదు. కానీ నేను ముందుగా చూసేది అడుగు పొడవు. ఆడవాళ్లు మామూలుగా చిన్న అడుగులు గబగబా వేస్తారు, మగవాళ్లవి పొడవాటి అడుగులు. ఆయన వేగం అందుకోవాలని ఈమె కాలు సాగదీస్తే మడమ ఒంటికి బాగా ముందు పడుతుంది, ఆ బరువు మోకాలి మీదకొస్తుంది. అదే వేగానికి అడుగు కాస్త కుదించి సంఖ్య పెంచితే మోకాలికి తేలిక. ఈ ఒక్కటి మార్చుకోమంటే మాత్రం "ఆయన వెనకబడనీయడు సార్" అంటారు!

తుంటి సంగతీ ఉంది. ఆడవాళ్ల తుంటి వెడల్పు, అందుకే నడిచేటప్పుడు తొడ లోపలికి వాలేది వాళ్లకే ఎక్కువ, మోకాలి చిప్ప బయటికి లాగుతుంది. తుంటి నుంచి చిప్పకూ, చిప్ప నుంచి ముంగాలి ఎముకకూ గీసే గీతల మధ్య కోణం సగటున మగవాళ్లకన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ. అలాగని "ఆడవాళ్ల ఎముకలే అంత" అని తేల్చేస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఆ కోణం కొలిచి ఎవరికి నొప్పి వస్తుందో చెప్పలేం. ఎముకను మార్చలేం గానీ తుంటి పక్క కండరానికీ తొడ కండరానికీ బలం తెచ్చుకోవచ్చు. యాభై దాటాక, మెనోపాజ్ తర్వాత, గుజ్జు అరుగుదల ఆడవాళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది కాబట్టి ఈ బలం అప్పటికే ఉండాలి.

అందుకే నా ఓటు ఎవరి నడక వాళ్లదానికే. ఇద్దరూ కలిసి బయల్దేరండి, మొదటి రౌండు ఆయనే అడుగు తగ్గించి మీతో నడవాలి, తర్వాత ఆయన దారి ఆయనది. మాట్లాడుతూ నడవగలిగే వేగం చాలు.

ట్రెడ్‌మిల్ అయితే వేగం మీ చేతిలోనే ఉంటుంది, పక్క కడ్డీ పట్టుకుని వేలాడకుండా ఉంటే పర్లేదు. మైపాడు బీచ్ ఇసుకలో నడక సరదాకే: పొడి ఇసుకలో గట్టి నేల మీదకన్నా రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది, తడి ఇసుక నీళ్ల వైపు వాలుగా ఉండి ఒక కాలు ఎప్పుడూ కిందే పడుతుంది. నొప్పి ఉన్నవాళ్లకు వద్దు. మడమ ఎత్తు చెప్పులు, వెడల్పు మడమవైనా సరే, మోకాలి మీద ఒత్తిడి పెంచుతాయి.

బలానికి నేను చెప్పేవి రెండే: పక్కకు తిరిగి పడుకుని పై కాలు నిదానంగా ఎత్తి దించడం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మోకాలు వాచినా, మడిచిన చోటే పట్టేసినా ఇవేవీ మొదలుపెట్టకుండా ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి.