టీచర్లు నేర్చుకోవడానికి ఏది మేలు: యూట్యూబా, ఫేస్‌బుక్కా, వాట్సాపా?

భిన్నాల భాగహారం పిల్లలకు ఎక్కడం లేదు, రేపటి పీరియడ్‌కి ఇంకో పద్ధతి కావాలి అనుకోండి. అప్పటికప్పుడు ఆదుకునేది యూట్యూబే. వేరే టీచరు బోర్డు మీద బొమ్మ ఎలా గీశారో, ఎక్కడ ఆగి పిల్లల్ని అడిగారో కళ్లారా చూడొచ్చు. అర్థం కాని చోట వెనక్కి జరిపి మళ్లీ చూసుకోవచ్చు. ట్రైనింగ్ క్లాసులో ఈ వీలు ఉండదు. చిక్కేమిటంటే, తప్పు జవాబు చెప్పిన పిల్లాడు ఎడిటింగ్‌లో ఎగిరిపోతాడు. మనకు కావాల్సింది వాడే కదా!

ఆ పిల్లాడి గురించి అడగాలంటే ఫేస్‌బుక్ గ్రూపులు నయం. మన సబ్జెక్టే చెప్పే వేలమంది అక్కడ ఉంటారు, పాత పోస్టులు వెతికితే దొరుకుతాయి. అడ్మిన్ అనుమతిస్తే పేరు కనపడకుండానూ అడగొచ్చు. "క్లాసు నా అదుపులో ఉండటం లేదు" అని తోటి టీచర్లతో చెప్పుకోలేనివారికి ఇది పెద్ద ఊరట. అయితే లైకులు ఎక్కువ వచ్చిన సలహా సరైనదే కావాలని లేదు. చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు అంటూ పిల్లల్ని విడదీసే చార్టులు ఇప్పటికీ జోరుగా షేర్ అవుతుంటాయి. అలా విడదీసి ఎవరి తీరులో వారికి చెబితే మేలు జరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లోనే తేల్చారు. చార్టుకున్న పరుగు ఆ మాటకు లేదు.

ఎక్స్ సంగతి రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అది ట్విటర్‌గా ఉన్న రోజుల్లో, 2009లో, ఎడ్‌చాట్ అనే హ్యాష్‌ట్యాగ్ కింద టీచర్లు వారం వారం ఒక అంశం తీసుకుని చర్చించుకోవడం మొదలుపెట్టారు. కొత్త ఆలోచనలు చెవిన పడటానికి బాగుంటుంది. రేపటి పాఠానికి మాత్రం పెద్దగా అక్కరకు రాదు.

ఇక వాట్సాప్. ఒక్కో గ్రూపులో 1024 మంది దాకా ఉండొచ్చు, కానీ అంతమంది చేరితే అది గుడ్ మార్నింగ్‌ల, సర్క్యులర్ల గోడౌన్ అయిపోతుంది. అదే ఒకే సబ్జెక్టు, ఒకే తరగతి చెప్పే ఏడెనిమిది మంది కలిసి పెట్టుకుంటే, నా లెక్కలో పై మూడింటికన్నా అదే మేలు. ఎందుకంటే అక్కడ రెండో రోజు ఎవరో ఒకరు "నిన్న ఆ పద్ధతి పనిచేసిందా?" అని అడుగుతారు. పనిచేయలేదంటే ఎక్కడ తేడా కొట్టిందో తలా ఒక మాట చెబుతారు. యూట్యూబ్‌లో చూసిన వీడియోను అక్కడ పెట్టి, మన పిల్లలకు తగినట్టు మార్చుకోవచ్చు కూడా.

దాని లోపం దానికుంది. మంచి వర్క్‌షీటు నెల తిరిగేసరికి మెసేజ్‌ల అడుగున ఎక్కడో పడిపోతుంది, అందుకే పనికొచ్చే ఫైళ్లను వెంటనే గూగుల్ డ్రైవ్‌లో వేసుకోవాలి. పిల్లల నోటుపుస్తకాల ఫొటోలు పెట్టేటప్పుడు పేరు, రోల్ నంబరు కనపడకుండా చూడాలి. గ్రూపు చిన్నదే అయినా ఫార్వర్డ్ బటన్ ఏడెనిమిది మంది చేతుల్లో ఉంటుంది.