హైడ్రోజన్ సల్ఫైడ్ నీటి పరీక్ష సీసా: నల్లబడితే ఒక అర్థం, నల్లబడకపోతే సగం అర్థమే

వేసవిలో కాలువలు కట్టేశాక చెరువు అడుగు నీళ్లే కుళాయిల్లోకి వచ్చే మా కోనసీమ ఊళ్లలో ఈ సీసా ప్రతి ఇంట్లోనూ ఉండదగినదే, కాకపోతే అది ఎంతవరకు చెప్పగలదో తెలుసుకుని వాడాలి. గ్వాలియర్ శాస్త్రవేత్తలు 1982లో ప్రకటించిన పద్ధతి ఇది. మలంతో కలుషితమైన నీటిలో ఉండే సాల్మొనెల్లా, సిట్రోబాక్టర్, ప్రోటియస్ వంటి బాక్టీరియా, సీసాలోని మందు కాగితంలో ఉన్న థయోసల్ఫేట్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పుట్టిస్తాయి. అది ఇనుప లవణంతో కలిసి నీటిని నల్లబరుస్తుంది.

వాడకం తేలికే. గీత వరకు నీళ్లు పోసి, మూత బిగించి, 24 నుంచి 48 గంటలు ఉంచితే చాలు. మన ఎండలకు వేరే వేడి అక్కర్లేదు. కుళాయి నీళ్ల సీసాలో మర్నాటి ఉదయానికి కాగితం అంచున మసి చారలు కనిపించాయి, సాయంత్రానికి సీసా అంతా నల్లబడింది, మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు. కాచి చల్లార్చిన నీళ్లు మాత్రం రంగు మారలేదు. కొనుక్కునే టిన్ను నీళ్లూ రెండో రోజుకు నల్లబడ్డాయి గాని, దోషం ప్లాంటుదో, సరిగా కడగని టిన్నుదో సీసా తేల్చదు.

అసలు జాగ్రత్త ఇక్కడే ఉంది. కలరా కలిగించే విబ్రియో గాని, విరేచనాలు తెచ్చే రకాలతో సహా ఈకోలైలో అత్యధిక భాగం గాని ఈ వాయువును పుట్టించవు. తోడుగా వచ్చే ఇతర మల బాక్టీరియా వల్లనే అవి ఉండవచ్చని అనుమానించగలం. కొన్ని బోరు నీళ్లు మలం కలవకపోయినా భూమిలోని వేరే బాక్టీరియా వల్ల నల్లబడతాయి. ఉప్పదనం సంగతి దీనికి పట్టదు. ఇంట్లో ఎవరికైనా జ్వరం విడవకపోతే టైఫాయిడా కాదా అన్నది తేల్చవలసింది రక్తపు కల్చర్ పరీక్షే గాని ఈ సీసా కాదు.

నల్లబడ్డ సీసాలో బాక్టీరియా విపరీతంగా పెరిగి ఉంటుంది కనుక బ్లీచింగ్ ద్రావణం పోసి అరగంట ఆగాకే పారబోయాలి. ఇంత ముఖ్యమైన మాటను పెట్టె మీద ఇంగ్లీషులో, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో వేశారు; తెలుగులో వేసేదాకా అయిదింటికి నాలుగు నక్షత్రాలే.