రెజిన్ గడియారం మీద సూదిబెజ్జం పడితే: రుద్దాలా, చుక్క వేయాలా, మళ్లీ కోటు పోయాలా?

ఎపాక్సీ రెజిన్ (ద్రవంగా పోస్తే గాజులా గట్టిపడేది) మీద చిన్న గుంట కనబడగానే చాలామందికి మొదట తట్టేది, అక్కడ ఒక చుక్క వేసేద్దామని. పెళ్లిదండల పూలు పొదిగిన గడియారం ఆర్డర్ ఇచ్చినవాళ్లు కూడా "ఒక్క చుక్క వేస్తే పోతుంది కదక్కా" అంటారు. నన్నడిగితే, ఉన్న దారుల్లో తక్కువ మేలు చేసేది అదే. ఎంచుకోవాల్సింది రుద్ది మెరుగు పెట్టడం, పైన ఇంకో కోటు పోయడం, ఈ రెంటిలోనే.

చుక్క గుంటలో సమంగా కూర్చోదు. కాస్త ఉబ్బి నిలబడి, చుట్టూ అంచు కడుతుంది. ఎదురుగా చూస్తే కనబడదు, ట్యూబ్‌లైట్ కింద పక్కనుంచి చూస్తే ఉంగరంలా తేలుతుంది. పాత రెజిన్‌కి కాస్త పసుపు వచ్చి ఉంటే, తెల్ల బేస్ మీద కొత్త చుక్క మచ్చలా కనిపిస్తుంది కూడా. కొలత చిక్కు ఇంకొకటి. రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 2:1 అయినా 1:1 అయినా, రెండు మూడు మిల్లీలీటర్లు కలిపేటప్పుడు నాలుగు చుక్కల తేడా చాలు, అది ఎన్నాళ్లయినా జిగటగానే ఉండిపోతుంది. అందుకే కనీసం 30 మిల్లీలీటర్లు కలపండి. మిగిలింది కీచైన్ అచ్చుల్లో పోసుకోవచ్చు.

ముందు లోపం మీద గోరు గీసి చూడండి. గోరు తట్టుకోకపోతే అది పైపై గీతే, రుద్దితే పోతుంది. 800 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టి 1000, 1500, 2000, 3000 వరకు వెళ్లాలి. ఏ నంబరూ దాటేయకూడదు. ఒక్కో నంబరుకీ రుద్దే దిక్కు మార్చితే, ముందటి గీతలు పోయాయో లేదో తెలిసిపోతుంది. చివర్లో రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు తెచ్చే పాలిష్ ముద్ద) పట్టించాలి. ఇవన్నీ ఆటోనగర్‌లో కార్ల పెయింట్ సామాను అమ్మే షాపుల్లో దొరుకుతాయి. కానీ బేస్ ఎం.డి.ఎఫ్. (చెక్కపీచు నొక్కి చేసిన పలక) అయితే నీళ్లు అంచుల్లోకి దిగకుండా టేపు వేయాలి, లేకపోతే చెక్క ఉబ్బిపోతుంది. నల్లటి గ్లాసీ ముక్క మీద అద్దంలాంటి మెరుపు తేవడానికి బాగా ఓపిక కావాలి. ఎంత రుద్దినా ఆ చోటు మాత్రం కాస్త మసకగా మిగిలే అవకాశం ఉంది.

గోరు తట్టుకుందా, గుంటలు నాలుగైదు చోట్ల ఉన్నాయా, దుమ్ము అతుక్కుందా, అప్పుడు కోటే మేలు. రుద్దడం కన్నా ఇది తేలికని కూడా నా అభిప్రాయం. ముందు ఉపరితలాన్ని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి, తేమ వల్ల పైన చేరే మైనంలాంటి పొర పోవాలి. తర్వాత 220 లేదా 320 పేపర్‌తో మెరుపు ఎక్కడా మిగలకుండా గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఆ తడి మీద గీతలు మాయమైతే కోటు కింద కూడా మాయమవుతాయి. కనబడుతుంటే ఇంకా రుద్దాలి. సూదిబెజ్జాల్లో ముందు టూత్‌పిక్‌తో రెజిన్ దింపాలి. చుక్కకి పని ఉన్నది ఇక్కడే. దించకుండా పైన పోస్తే లోపలి గాలి మళ్లీ బుడగై పైకి వస్తుంది. 30 సెంటీమీటర్ల గుండ్రటి పలకకి 2 మిల్లీమీటర్ల మందాన దాదాపు 140 మిల్లీలీటర్లు పడుతుంది, కాస్త ఎక్కువే కలుపుకోండి.

ఏ దారో ముందే తేల్చుకోండి. రబ్బింగ్ కాంపౌండో వాక్సో పట్టించాక మనసు మార్చుకుని కోటు పోస్తే, దాని జిడ్డు దగ్గర రెజిన్ వెనక్కి జరిగి గుంటలు పడతాయి. సిలికాన్ ఉన్న పాలిష్ అయితే మరీ కష్టం.

మన ఊరి వాతావరణం కూడా లెక్కలోకి రావాలి. రోహిణి కార్తె ఎండలకి కలిపిన రెజిన్ గిన్నెలోనే వేడెక్కి త్వరగా చిక్కబడుతుంది, బుడగలు పోయేలోపే బిగుసుకుంటుంది. వానాకాలం తేమకి పైపొర మసకబారుతుంది. ఏసీ గది ఉంటే 22 నుంచి 25 డిగ్రీల మధ్య పెట్టి, ఫ్యాన్ ఆపేసి, పోసిన ముక్క మీద అట్టపెట్టె బోర్లించండి. అవేవీ కుదరకపోతే, గీతలు పైపైవే అయితే, వాతావరణం అడ్డురాని రుద్దుడే నయం.

గ్లాసీ స్ప్రే వార్నిష్ కొట్టి గీతలు దాచేద్దామంటారా? వెంట్రుకలాంటి గీతలకి కొంత పనిచేస్తుంది, గుంటలకి మాత్రం పనికిరాదు.

ఏది చేసినా నైట్రైల్ గ్లవుజులు, మాస్కు తప్పనిసరి. సగం గట్టిపడిన రెజిన్ పొడి చర్మానికి, ఊపిరితిత్తులకి ఇబ్బంది తెస్తుంది. తడిచేసే రుద్దండి, పొడి ఎగరదు. కోటు పోసిన ముక్కకి పెళ్లిళ్ల సీజన్‌లో ఎంత ఒత్తిడి ఉన్నా వారం గడువు అడగండి. ఒక రోజుకే గట్టిపడ్డట్టు ఉన్నా, అప్పుడే బబుల్ రాపర్‌లో చుడితే దాని గుండ్రాల అచ్చు పైన పడిపోతుంది.