కాన్పు దాకా తూకం వేసుకుని తిన్నాక: వంటింటి త్రాసు, కేలరీల యాప్

త్రాసు, యాప్ రెండూ కడుపుతో ఉన్న మూడో నెల చివర్లో మొదలుపెట్టి కాన్పు అయ్యేదాకా వాడాను. త్రాసు డిజిటల్‌ది, ఐదు కిలోల వరకు తూస్తుంది, ఏడు వందల లోపే పడింది. యాప్ పెళ్లికి ముందు సన్నబడదామని వేసుకున్నదే, ఫోన్‌లో ఊరికే పడి ఉంది. ఇప్పుడు పాప పడుకున్నప్పుడల్లా కాస్త కాస్తగా ఇది రాస్తున్నాను.

యాప్ సంగతి ముందు. దాని పాత లెక్క మార్చడం మర్చిపోయాను. రోజుకి 1400 కేలరీలు దాటగానే ఎర్ర రంగు చూపించేది. అసలే వేవిళ్లతో రెండు కిలోలు తగ్గి ఉన్నాను, పైగా రాత్రి పెరుగన్నం తినాలా వద్దా అని టెన్షన్. డాక్టరమ్మకి చెబితే, "ఇది బరువు తగ్గే టైమా అమ్మా?" అని గట్టిగానే కోప్పడ్డారు. సెట్టింగ్‌లో గర్భిణి అని పెడితే మొదటి నెల నుంచే అదనపు కేలరీలు కలిపేసింది. మొదటి మూడు నెలల్లో మామూలుగా తినేది చాలని, ఆ తర్వాతే కొంచెం పెంచాలని ఆవిడ అప్పటికే చెప్పి ఉన్నారు.

బరువు దగ్గర ఇంకో తిరకాసు. నా ఎత్తు 155 సెంటీమీటర్లు, గర్భం రాకముందు బరువు 59 కిలోలు. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె, 24.6 వస్తుంది. యాప్ దీన్ని నార్మల్ అని, 11.5 నుంచి 16 కిలోల దాకా పెరగొచ్చని చూపించింది. అది 2009లో అమెరికా వాళ్లు ఇచ్చిన లెక్క. మనవాళ్లకి బీఎంఐ 23 దాటగానే బరువు ఎక్కువ కింద చూస్తారట, అందుకని నీకు పది, పదకొండు కిలోలు చాలన్నారు డాక్టరమ్మ. ఈ తేడా యాప్ ఎక్కడా చెప్పదు. మన వంటల దగ్గర మరీ అన్యాయం. మునగాకు పప్పు అని వెతికితే మూడు రకాలుగా వచ్చింది, ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఐదో నెల నుంచి దాన్ని నోటు పుస్తకంలా మాత్రమే వాడాను.

నా కళ్లు తెరిపించింది త్రాసు. మొదటిరోజు అన్నం పెట్టుకుని కంచం దాని మీద పెట్టాను. రెండు హస్తాలే కదా అనుకున్నది 330 గ్రాములు తూగింది. అంటే 430 కేలరీల దాకా, కూర, పప్పు ఇంకా కలపకుండానే. ఆ తర్వాత నూనె. గుత్తి వంకాయ చేస్తూ, నూనె డబ్బాని ముందోసారి, పోశాక ఇంకోసారి తూచాను. 42 గ్రాములు తగ్గింది! గ్రాముకి తొమ్మిది కేలరీలు, ముగ్గురం తింటే ఒక్కొక్కరికీ నూట ఇరవై పైచిలుకు. అమ్మ అప్పుడే వంటింట్లోకి వచ్చింది.

"ఏమిటే, కంసాలి కొట్టు పెట్టావా? ఒట్టి మనిషివా నువ్వు, ఇద్దరికి తినాలి."

ఇద్దరికి తినడం అంటే ఎంతో కూడా త్రాసే చూపించింది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ గర్భిణికి రోజూ 350 కేలరీలు అదనంగా కావాలంటుంది. గ్లాసు పాలు, ఉడికించిన గుడ్డు, చిన్న అరటిపండు, 15 గ్రాముల వేరుశెనగ పప్పులు, అంతే, అయిపోయింది. అమ్మ లెక్కలో అది సాయంత్రం ఫలహారం కూడా కాదు. అందుకని అన్నం ఒక హస్తం తగ్గించి పప్పు, కూర పెంచాను, నూనె చెంచాతో కొలిచి పోశాను. ఆకలి మాత్రం చంపుకోలేదు. సీమంతం రోజు త్రాసుని అటక మీద పెట్టేశాను, బూరెలు ఎన్ని తిన్నానో నాకే తెలియదు.

ఆరో నెలలో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి షుగర్ చూశారు, 132 వచ్చింది. 140 దాటలేదు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాను.

ఒంటి బరువు మాత్రం ఆదివారం ఉదయం బాత్రూంకి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, ఒక్కసారే చూసుకునేదాన్ని. ఎనిమిదో నెలలో ఒక వారం ఏకంగా కిలోన్నర పెరిగింది, పాదాలు ఉబ్బాయి. తిండి తగ్గిస్తే సరిపోతుందనుకున్నాను, అది తప్పు. అలా ఉన్నట్టుండి పెరిగితే బీపీ కావచ్చు, వెంటనే వెళ్లాలి. వెళ్తే బీపీ, మూత్రం రెండూ చూశారు, అదృష్టం బాగుండి ఏమీ లేదు. వారం వారం రాసుకోకపోతే ఆ కిలోన్నర నా దృష్టికే వచ్చేది కాదు.

చివరికి 70 కిలోల 200 గ్రాముల దగ్గర కాన్పు అయింది, పాప 2.9 కిలోలు.

త్రాసులో లోపాలు లేకపోలేదు. బ్యాటరీ మూత నాలుగు నెలలకే విరిగింది, ప్లాస్టర్ అంటించి నడిపించాను. పెద్ద గిన్నె పెడితే అంకెలు కనపడవు. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను, యాప్‌కి రెండు. వాంతులు బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు, అంకె చూస్తే గుండె దడ వచ్చేవాళ్లు రెండూ కొనకండి. మా తోడికోడలికి ఇద్దామనుకుని ఆ కారణంతోనే ఆగిపోయాను. ఇప్పుడా త్రాసు అమ్మ దగ్గర ఉంది, ఆవకాయకి కారం, ఆవపిండి తూస్తోంది.